మన బేస్‌మెంట్లలో గాలి సంగతి: అమెరికా తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, గుడి కమిటీల పెద్దలకు నమస్కారం.

నేను పెన్సిల్వేనియాలో హోమ్ ఇన్‌స్పెక్టర్‌ని. ఇల్లు కొనేవాళ్ళ తరఫున పైకప్పు నుంచి పునాది దాకా చూసి రిపోర్టు ఇస్తాను, రాడాన్ టెస్టు కూడా పెడతాను. రాడాన్ అంటే మట్టిలోంచి ఇంట్లోకి చేరి, ఊపిరితిత్తుల క్యాన్సర్ తెచ్చిపెట్టగల వాయువు. నన్ను పిలిచేవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. ఫర్నేస్ వయసెంత, రూఫ్ ఇంకెన్నేళ్ళు వస్తుంది, ఈశాన్యంలో బాత్రూమ్ ఉంటే మార్చుకోవచ్చా అని ఓపిగ్గా అన్నీ అడుగుతారు. రాడాన్ మాట ఎత్తేసరికి మాత్రం "అది తప్పనిసరా అండీ?" అంటారు. తప్పనిసరి కాదు. సొంత ఇంట్లో రాడాన్ టెస్టు చేయించి తీరాలనే ఫెడరల్ చట్టం ఏదీ లేదు. అందుకే ఈ ఉత్తరం ప్రభుత్వానికి కాకుండా మీకు రాస్తున్నాను. ప్రభుత్వం వేసే కరపత్రాన్ని మనవాళ్ళు పక్కన పడేస్తారు. మీరు పిలిస్తే పిల్లల్ని వెంటబెట్టుకుని మరీ వస్తారు.

నా విన్నపం ముందే చెప్పేస్తాను. ప్రతి జనవరిలో మీ సభ్యుల ఇళ్ళలో రాడాన్ టెస్టు జరిగేలా చూడండి. మీ గ్రూపుల్లో "బేస్‌మెంట్ అద్దెకు ఇవ్వబడును" అని వచ్చే ప్రతి ప్రకటనకీ రాడాన్ రిజల్టు, టెస్టు చేసిన తేదీ జతచేయాలని నియమం పెట్టండి. ఎందుకో వివరంగా రాస్తాను, దయచేసి చివరిదాకా చదవండి.

నేలలో, రాళ్ళలో ఎక్కడైనా కొద్దోగొప్పో యురేనియం ఉంటుంది. అది క్షీణిస్తూ క్షీణిస్తూ రేడియం అవుతుంది, రేడియం నుంచి రాడాన్ పుడుతుంది. యురేనియం, రేడియం ఘనపదార్థాలు కాబట్టి మట్టిలోనే ఉండిపోతాయి. రాడాన్ వాయువు. మట్టి సందుల్లోంచి పైకి వస్తుంది. ఆరుబయట వచ్చింది గాలిలో కలిసి పలచబడిపోతుంది. ఇంటి కింద వచ్చింది మాత్రం కాంక్రీటు పగుళ్ళలోంచి, గోడా నేలా కలిసే చోట ఉండే సన్నటి సందులోంచి, సంప్ పంపు గొయ్యిలోంచి, పైపుల చుట్టూ వదిలేసిన ఖాళీల్లోంచి లోపలికి చేరుతుంది. చలికాలంలో హీటింగ్ వల్ల ఇంట్లో గాలి తేలికై పైకి పోయి, పై అంతస్తు సందుల్లోంచి బయటికి జారుకుంటుంది. ఆ వెలితి పూడ్చుకోడానికి ఇల్లు, బోండంలోంచి స్ట్రాతో నీళ్ళు పీల్చినట్టు, కింద మట్టిలోంచి గాలిని లాక్కుంటుంది. కిటికీలన్నీ మూసి ఉంటాయి కాబట్టి వచ్చింది వచ్చినట్టే లోపల పేరుకుంటుంది. రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి రాదు, దగ్గు రాదు, పొగ అలారం లాంటిదేదీ మోగదు.

రాడాన్ అర్ధాయువు 3.8 రోజులు, అంటే ఉన్నదాంట్లో సగం అన్ని రోజుల్లో క్షీణిస్తుంది. అది క్షీణించినప్పుడు పొలోనియం, సీసం, బిస్మత్ అనే ఘనపదార్థాల రేణువులుగా మారుతుంది. అసలు హాని వాటితోనే. అవి దుమ్ముకి అంటుకుని ఊపిరితో పాటు వెళ్ళి, ఊపిరితిత్తుల గొట్టాల లోపలి పొర మీద కూర్చుంటాయి. అక్కడ ఆల్ఫా కణాలు వదులుతాయి. ఆల్ఫా కణాన్ని ఒక్క కాగితం ముక్క ఆపేస్తుంది, మన చర్మాన్ని కూడా దాటలేదు. కానీ లోపలికి వెళ్ళాక దానికి ఎదురుగా ఉండేది పలచటి సజీవ కణాల పొర. ఆ కణాల డీఎన్ఏని తెంపుతుంది. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతూ పోతుంది.

ఈ సంగతి ముందు బయటపడింది గనుల్లో. యురేనియం గనుల్లో పనిచేసినవాళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా రావడం చూసి, 1988లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రాడాన్‌ని మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారణ అయిన వాటి గ్రూపులో చేర్చింది. ఇళ్ళలో ఉండే తక్కువ మోతాదుల సంగతేమిటన్న సందేహానికి 2005లో జవాబు దొరికింది. యూరప్‌లో జరిగిన 13 అధ్యయనాలను కలిపి చూస్తే, ఘనపు మీటరు గాలిలో రాడాన్ 100 బెక్వెరెల్ (రేడియోధార్మికతని కొలిచే ప్రమాణం) పెరిగిన కొద్దీ ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు దాదాపు 16 శాతం పెరుగుతోందని తేలింది.

అమెరికాలో కొలత పికోక్యూరీలలో చెప్తారు. లీటరు గాలికి 4 పికోక్యూరీలు గానీ, అంతకు మించి గానీ ఉంటే సరిచేయించండని పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ చెప్తుంది. 2కీ 4కీ మధ్య ఉన్నా ఆలోచించమంటుంది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు 100 బెక్వెరెల్, అంటే 2.7 పికోక్యూరీలు. బయటి గాలిలో ఉండేది సుమారు 0.4, ఇళ్ళలో దేశం మొత్తం సగటు 1.3. దేశంలో ప్రతి 15 ఇళ్ళలో ఒకటి 4 దాటుతుందని అంచనా. నేనుండే పెన్సిల్వేనియాలో అయితే దాదాపు 40 శాతం ఇళ్ళు దాటుతాయి. 4 అనేది కూడా క్షేమమైన అంకె కాదు. ఆ స్థాయిలో జీవితాంతం ఉంటే, ఎప్పుడూ సిగరెట్ ముట్టని 1,000 మందిలో సుమారు 7గురికి, తాగేవాళ్ళలో సుమారు 62 మందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చని ఈపీఏ లెక్క. 20 పికోక్యూరీల దగ్గర ఆ అంకెలు 36, 260 అవుతాయి. రాడాన్ వల్ల ఏటా 21,000 మంది అమెరికాలో చనిపోతున్నారని అంచనా. వాళ్ళలో సుమారు 2,900 మంది జన్మలో పొగ తాగనివాళ్ళు.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగండి. మన ఆడవాళ్ళలో సిగరెట్ తాగేవాళ్ళు చాలా తక్కువ. మగవాళ్ళలో కూడా చాలామంది తాగరు. అందుకని ఊపిరితిత్తుల క్యాన్సర్ మన ఇంటి ఛాయలకు రాదనే ధీమా ఉంది. పొగ తాగనివాళ్ళకి ఈ క్యాన్సర్ రావడానికి కారణాల్లో మొదటిది రాడాన్. పైగా ఇంకో చిక్కు ఉంది. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ని ముందే పట్టుకోడానికి ఏటా చేయించమనే సీటీ స్కాన్, 2021 సిఫార్సుల ప్రకారం, 50 నుంచి 80 ఏళ్ళ మధ్య ఉండి ఏళ్ళ తరబడి పొగ తాగినవాళ్ళకే. ఇరవయ్యేళ్ళు బేస్‌మెంట్ ఆఫీసులో కూర్చుని పనిచేసిన, సిగరెట్ ముట్టని మన అక్కచెల్లెళ్ళెవరూ ఆ జాబితాలోకి రారు. రోగం ముదిరి దగ్గు, ఆయాసం మొదలయ్యాకే తెలుస్తుంది. స్కాన్ మనల్ని కాపాడదు కాబట్టి, గాలిని కొలవడం ఒక్కటే మన చేతిలో ఉన్న జాగ్రత్త.

నేనుండే చోటుకి ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. 1984 డిసెంబరులో, ఇక్కడి లిమరిక్ అణు విద్యుత్ కేంద్రంలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు వెళ్తుంటే రేడియేషన్ అలారాలు మోగాయి. అప్పటికి ఆ కేంద్రం కరెంటు ఉత్పత్తి మొదలుపెట్టనే లేదు. పైగా ఆయన పని ముగించుకుని బయటికి వెళ్తున్నప్పుడు మోగాల్సిన అలారం, పొద్దున పనిలోకి వస్తుంటే మోగింది. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, ఆయన రేడియేషన్ ఇంటి నుంచి మోసుకొస్తున్నారు. ఆ ఇంట్లో రాడాన్ దాదాపు 2,700 పికోక్యూరీలు. పెన్సిల్వేనియా నుంచి న్యూజెర్సీ మీదుగా న్యూయార్క్ దాకా సాగే రీడింగ్ ప్రాంగ్ అనే రాతిపట్టీ మీద ఉందా ఇల్లు. అమెరికాలో ఇళ్ళ రాడాన్ గురించి దేశం మేలుకుంది ఆ సంఘటనతోనే. వాట్రస్ కుటుంబం ఇల్లు ఖాళీ చేసింది, మరమ్మతు అయ్యాక మళ్ళీ అదే ఇంటికి తిరిగొచ్చింది. అంత ఇంటినే బాగుచేయగలిగారంటే మన ఇళ్ళది ఎంత?

రేడియేషన్ అంటే మనవాళ్ళకి పట్టింపు లేదనను. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఎంత గట్టిగా గొంతెత్తారో నాకు గుర్తుంది. ఇక్కడి నుంచి కూడా ఎంతోమంది పోస్టులు పెట్టారు. తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల రైతుల నీళ్ళ గురించి బాధపడినవాళ్ళూ ఉన్నారు. ఆ పట్టింపే ఇప్పుడు మన కాళ్ళ కింద ఉన్న మట్టి మీదకి కూడా రావాలి. ఊళ్ళో ఉన్నప్పుడు మనకి ఈ ఆలోచన రాకపోవడానికి కారణం ఉంది. అక్కడ పొద్దున లేస్తే తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి ఉంటాయి, నేలమాళిగలో కాపురం ఉండం. ఇక్కడికొచ్చాక బతుకే మారిపోయింది.

తెలుగు ఇంట్లో బేస్‌మెంట్ అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక పక్క హోమ్ థియేటర్, ఒక పక్క గెస్ట్ రూమ్. కొన్ని ఇళ్ళలో పోపు వాసన పైకి రాకుండా రెండో వంటిల్లు కూడా అక్కడే. 2020 తర్వాత వర్క్ ఫ్రమ్ హోమ్ డెస్కు కిందికి దిగింది, చాలా ఇళ్ళలో మళ్ళీ పైకి ఎక్కలేదు. వారాంతంలో అక్కడే కూచిపూడి క్లాసు, సంగీతం క్లాసు. ఇంట్లో డేకేర్ నడిపే ఆడవాళ్ళు పసిపిల్లల్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే ఆడిస్తారు. ఎంఎస్ చదువుకోడానికి వచ్చిన కుర్రాళ్ళు అద్దె తక్కువని బేస్‌మెంట్‌లో ముగ్గురు నలుగురు కలిసి ఉంటారు. మొత్తం ఇంట్లో రాడాన్ ఎక్కువగా ఉండే అంతస్తులో మనుషులు ఎక్కువసేపు గడిపేలా మనం ఏర్పాటు చేసుకున్నాం.

వీళ్ళలో ఎవరికి ఎక్కువ ప్రమాదమో నిజాయితీగా చెప్పాలి. రాడాన్ ముప్పు ఎంత మోతాదు, ఎన్నేళ్ళు అన్నదాని మీద ఆధారపడుతుంది. కూతురి పురిటికి వచ్చి ఆరు నెలలు గెస్ట్ రూమ్‌లో ఉండి వెళ్ళే అమ్మానాన్నల గురించి నేను భయపెట్టను. వారానికో గంట డాన్సు నేర్చుకునే పిల్ల గురించీ భయపెట్టను. నాకు దిగులు కలిగించేది అదే డాన్సు క్లాసు ఏళ్ళ తరబడి చెప్పే టీచరు గారు, రోజుకి తొమ్మిది గంటలు కిందే పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డేకేర్ నడిపే ఆవిడ. అన్నిటికంటే ముందు అద్దెకుండే కుర్రాళ్ళు. వాళ్ళలో సిగరెట్ తాగేవాళ్ళుంటే పొగా రాడానూ కలిసి చేసే హాని చాలా ఎక్కువని పైన అంకెల్లో చూశారు. ఆ పిల్లలు ఇంటి యజమానిని అడగలేరు. అంకుల్ ఏమనుకుంటారో అని మొహమాటం, ఇల్లు దొరకదేమో అని టెన్షన్. వాళ్ళ తరఫున అడగాల్సింది మీరే. ప్రకటనతో పాటు రిజల్టు ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే. "వెజిటేరియన్స్ ప్రిఫర్డ్" అని రాసే చోట "రాడాన్ 1.6, టెస్టు జనవరి" అని ఇంకో ముక్క రాయడం కష్టం కాదు.

గుడి కమిటీల వారికి విడిగా ఒక మాట. మన గుళ్ళు చాలావరకు పాత ఇళ్ళలోనో, పాత చర్చిల్లోనో మొదలయ్యాయి. పూజారి గారి కుటుంబానికి ఇచ్చే వసతి చాలా చోట్ల గుడి పక్కన ఉన్న పాత ఇల్లో, దాని కింది అంతస్తో. ప్రసాదాలు వండే వంటశాల బేస్‌మెంట్‌లో ఉంటుంది. అవి ఆయనకి ఇల్లూ అవే, పనిచేసే చోటూ అవే. వీసా, ఉద్యోగం, వసతి మూడూ కమిటీ చేతిలో ఉన్న మనిషి "ఇక్కడ గాలి కొలిపించండి" అని అడుగుతారా? ఆయన అడిగేదాకా ఆగకండి. స్టోర్లు, గ్యాస్ స్టేషన్లు, చిన్న ఆఫీసులు నడిపే మన వ్యాపారస్తులు కూడా తమ దగ్గర పనిచేసేవాళ్ళు కూర్చునే గదుల్లో ఒకసారి కొలిపించాలి.

నాకు పనిలో తరచూ వినిపించే మాటలు కొన్నున్నాయి. "మాది కొత్త ఇల్లండీ, బిల్డరే రాడాన్ సిస్టమ్ పెట్టి ఇచ్చాడు" అనేది వాటిలో మొదటిది. నన్ను కిందికి తీసుకెళ్ళి ఒక తెల్ల పీవీసీ పైపు చూపిస్తారు. కాంక్రీటు కింద నుంచి లేచి, ఫర్నేస్ పక్కగా వెళ్ళి, పైకప్పు దాటి బయటికి పోతుంది. దాని మీద రాడాన్ అని స్టిక్కర్ కూడా ఉంటుంది. నేను అటక ఎక్కి చూస్తే పైపుకి ఫ్యాన్ ఉండదు. అది ఉత్త పైపు. దాన్ని పాసివ్ సిస్టమ్ అంటారు. కొన్ని ఇళ్ళకి అది సరిపోతుంది, కొన్నింటికి చాలదు. టెస్టు చేస్తే తప్ప ఏ ఇల్లు ఏదో తెలియదు. మినెసోటాలో 2009 నుంచి కొత్త ఇళ్ళన్నీ రాడాన్‌ని తట్టుకునేలా కట్టాలని నిబంధన ఉంది, మంచిదే. కానీ అక్కడ కూడా పైపు చూసి తృప్తి పడకూడదు. ఫ్యాన్ ఉన్న సిస్టమ్‌కి పైపు మీద యు ఆకారంలో చిన్న గొట్టం, అందులో రంగు ద్రవం ఉంటాయి. రెండు వైపులా ద్రవం మట్టం ఎగుడుదిగుడుగా ఉంటే ఫ్యాన్ లాగుతున్నట్టు. రెండూ సమానంగా ఉంటే ఫ్యాన్ ఆగిపోయినట్టు. బేస్‌మెంట్‌లోకి దిగినప్పుడల్లా దాని మీద ఓ కన్నేయండి. చాలామందికి ఆ గొట్టం ఎందుకుందో కూడా తెలియదు, ఇల్లు అమ్మినవాళ్ళు చెప్పరు.

పక్కింట్లో తక్కువ వచ్చిందంటే మనింట్లో కూడా తక్కువేనని లెక్క కాదు. ఒకే వీధిలో, ఒకే బిల్డర్ కట్టిన ఇళ్ళలో కూడా చాలా తేడా ఉంటుంది. ఎయిర్ ప్యూరిఫయర్‌ని నమ్ముకోవద్దు, అది రాడాన్‌కి పరిష్కారం కాదు. వంటింటి గ్రానైట్ గురించి చాలామంది అడుగుతారు. దానితో వచ్చేది సాధారణంగా చాలా స్వల్పం, దాన్ని పీకించే పని పెట్టుకోకండి. అసలు వచ్చేది కింద మట్టి నుంచి. సొంత బావి నీళ్ళు వాడే ఇళ్ళయితే నీళ్ళలో కూడా రాడాన్ ఉండొచ్చు, అది విడిగా కొలిపించుకోవాలి.

ఇక 2021 ప్రాంతంలో ఇళ్ళు కొన్నవాళ్ళు. ఒక్కో ఇంటికి ఇరవై ఆఫర్లు వస్తున్న రోజుల్లో, ఇల్లు చేజారిపోతుందని ఇన్‌స్పెక్షనే వదులుకుని కొన్నారు. ఆ ఇళ్ళలో చాలావాటికి రాడాన్ టెస్టు ఇప్పటికీ జరగలేదు. మీ సభ్యుల్లో ఇలాంటివాళ్ళు ఉన్నారు, ముందు వాళ్ళనే పిలవండి. రిజల్టు ఎక్కువొస్తే ఇంటి విలువ పడిపోతుందేమోనని భయపడి టెస్టు చేయించనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి నేను చెప్పేది ఇదే: రేపు కొనేవాళ్ళు ఎలాగూ టెస్టు పెడతారు. అప్పుడు క్లోజింగ్ ముందు హడావిడిగా, వాళ్ళు చెప్పినట్టల్లా చేయించాలి. ఇప్పుడైతే మీ వీలుని బట్టి చేయించుకోవచ్చు, ఈలోగా మీ పిల్లలు మంచి గాలి పీలుస్తారు.

ఖర్చు చాలా మామూలుది. నేలకి ఒక రంధ్రం చేసి, కాంక్రీటు కింద గాలిని పైపుతో లాగి, ఫ్యాన్ ద్వారా పైకప్పు మీదికి వదిలేస్తారు. సాధారణంగా ఒక్క రోజు పని. 800 నుంచి 2,500 డాలర్ల మధ్య అవుతుంది. మనం చేసే గృహప్రవేశం భోజనాల ఖర్చుకి అటూఇటూగా ఉంటుంది. సరిగ్గా చేస్తే రాడాన్‌ని 99 శాతం దాకా తగ్గించొచ్చు. మీ రాష్ట్రంలో లైసెన్సు లేదా సర్టిఫికెట్ ఉన్నవాళ్ళతోనే చేయించండి. ఫ్యాన్‌ని బేస్‌మెంట్ లోపలే బిగిస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, పైపు ఎక్కడైనా లీకైతే ఆ గాలంతా ఇంట్లోకే వస్తుంది. పనయ్యాక మళ్ళీ టెస్టు చేయించాలి, ఆ తర్వాత రెండేళ్ళకోసారి.

టెస్టు ఇంకా సులువు. చిన్న రేకు డబ్బా, లోపల బొగ్గు పొడి. మూత తీసి, మనుషులు మసలే కింది అంతస్తులో, నేలకి కనీసం 20 అంగుళాల ఎత్తున పెట్టాలి. వంటింట్లో, బాత్రూమ్‌లో, సంప్ గొయ్యి మీద పెట్టకూడదు. పెట్టడానికి 12 గంటల ముందు నుంచి, తీసేదాకా ఇంటి కిటికీలన్నీ మూసి ఉంచాలి. మామూలుగా లోపలికీ బయటికీ తిరగొచ్చు. మనవాళ్ళు పొరపడేది ఇక్కడే. చేపల పులుసు వండారనో, సాంబ్రాణి వేశారనో మధ్యలో కిటికీలు తీసేస్తారు, అంకె తక్కువ చూపిస్తుంది. కనీసం 48 గంటలయ్యాక మూత బిగించి, పెట్టిన సమయం, తీసిన సమయం రాసి వెంటనే ల్యాబుకి పోస్టు చేయాలి. ఆలస్యమైతే పనికిరాదు. కొన్ని రాష్ట్రాలు ఈ కిట్లు ఉచితంగానో తగ్గింపు ధరకో ఇస్తాయి. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ నడిపే జాతీయ రాడాన్ కార్యక్రమం దగ్గర కూడా తక్కువ ధరకి దొరుకుతాయి.

ప్రాంతాన్ని బట్టి తేడా ఉందని ఒప్పుకుంటాను. డాలస్ చుట్టుపక్కల ఇళ్ళకి బేస్‌మెంట్లు దాదాపు ఉండవు, అక్కడి మట్టిలో ముప్పు కూడా తక్కువే. అయోవాలో మాత్రం రాష్ట్రంలోని కౌంటీలన్నీ ఈపీఏ పటంలో ఎక్కువ ముప్పున్న మొదటి జోన్‌లోనే ఉన్నాయి. దక్షిణాదిలో ఈ బాధ లేదనుకునే అట్లాంటా తెలుగువాళ్ళు కూడా గమనించాలి. ఫుల్టన్, కాబ్, డికాల్బ్, గ్విన్నెట్ కౌంటీలు మొదటి జోన్‌లో ఉన్నాయి. ఏ జోన్ అయినా మూడో అంతస్తు కంటే కింద ఉండే ప్రతి ఇంటికీ టెస్టు చేయమనేది ఈపీఏ మాట.

జనవరి ఎందుకంటే, అమెరికాలో అది జాతీయ రాడాన్ మాసం. ఇళ్ళు ఎలాగూ మూసి ఉంటాయి, అంకె కూడా అసలు పరిస్థితికి దగ్గరగా వస్తుంది. మీకు జనవరిలో సంక్రాంతి సంబరాలు ఉండనే ఉన్నాయి. ముగ్గుల పోటీ రిజిస్ట్రేషన్ టేబుల్ పక్కనే కిట్ల టేబుల్ పెట్టండి. వేదిక మీద ఒక్క పది నిమిషాలు ఎలా పెట్టాలో తెలుగులో చూపించండి. మన డాక్టర్లు ఎంతోమంది మీ ఆరోగ్య శిబిరాల్లో బీపీ, షుగర్ చూస్తున్నారు, "మీ ఇంట్లో రాడాన్ ఎంతండీ?" అని ఆ రెండు ప్రశ్నల పక్కన మూడోది అడగమనండి. వారం తర్వాత వాలంటీర్లు ఫోన్ చేసి "డబ్బా పోస్టు చేశారా?" అని కనుక్కోవాలి. కొన్న కిట్లు అలమరాలో ఉండిపోవడం నేను చాలా చూశాను, ఆ ఫోన్ లేకపోతే మిగతాదంతా వృథా.

తూర్పు పెన్సిల్వేనియా, న్యూజెర్సీల్లో ఏ సంఘం, ఏ గుడి పిలిచినా వచ్చి చూపించడానికి నేను సిద్ధం. దీనికి డబ్బు తీసుకోను, నా వ్యాపారం కార్డులు పంచను. అద్దె ప్రకటనల నియమానికి మాత్రం జనవరిదాకా ఆగక్కర్లేదు. ఆగస్టు సెమిస్టర్‌కి వచ్చే పిల్లలు ఇప్పటికే గదులు వెతుక్కుంటున్నారు. మీ తదుపరి కార్యవర్గ సమావేశంలో ఆ ఒక్క తీర్మానం చేయండి.

ఇట్లు,
పెన్సిల్వేనియా నుంచి ఒక తెలుగు హోమ్ ఇన్‌స్పెక్టర్